తృణప్రాయము

పఠనము: 1 కొరింథీయులకు 3:10-15, యాకోబు 2:1-9

'తృణము' అనగా గడ్డిపోచ. 'ప్రాయము' అను మాట మరియొక పదము చివర చేరినప్పుడు 'వంటిది' అను అర్థమిచ్చును. కావున గడ్డిపోచవలె తేలికయైనది, విలువలేనిది తృణప్రాయము. 'తృణీకరించు' అను క్రియయు ఈ తృణమునుండియే పుట్టినది. ఒకరిని గడ్డిపోచగా ఎంచుట దాని మూలార్థము. తెలుగు బైబిలులో యెషయా 53:3 నందు శ్రమనొందిన సేవకునిగూర్చి ఈ క్రియయే వాడబడినది.

లేఖనములు గడ్డిని ముఖ్యముగా రెండు విషయములకు సాదృశ్యముగా చూపుచున్నవి. నరుని ఆయుష్షు గడ్డివలె వాడిపోవునని 103వ కీర్తన తెలుపుచున్నది. పునాదిమీద గడ్డితోను కొయ్యకాలుతోను కట్టిన పని అగ్నికి నిలువదని పౌలు హెచ్చరించెను. అయితే అక్కడ కాలిపోవునది పనియే, పనివాడు రక్షింపబడును. ఈ భేదము గమనింపదగినది.

1522వ సంవత్సరమున మార్టిన్ లూథరు తన జర్మను క్రొత్త నిబంధన పీఠికలో, రోమా, గలతీ మొదలగు పత్రికలతో పోల్చి, యాకోబు పత్రికను 'గడ్డి పత్రిక' అనెను. విశ్వాసమును గూర్చిన పౌలు బోధకు యాకోబు మాటలు విరోధమని ఆయనకు తోచెను. అయినను ఆయన ఆ పత్రికను బైబిలునుండి తీసివేయలేదు. పీఠికలోని ఆ మాటయే తరువాతి ముద్రణలలో లేకపోయెను.

ఆ పత్రికయే మనుష్యుని తృణీకరింపవద్దని బోధించుచున్నది. బంగారు ఉంగరము ధరించినవానికి మంచి స్థలమిచ్చి, మురికి బట్టలవానిని పాదపీఠము దగ్గర కూర్చుండుమనుట పాపమని యాకోబు ఖండించెను. సూరతు నగరమున మరమగ్గముల యొద్ద శ్రమించు తెలుగువారు అనేకులున్నారు. లోకమునకు వస్త్రము నేయువాడు తాను మాసిన బట్టలతో ఆరాధనకు వచ్చినయెడల, అతనికి ఏ స్థలము చూపబడును?

'పరులకొరకు తన ప్రాణమును తృణప్రాయముగా ఎంచెను' అనిన అది స్తుతి. 'పరుని తృణప్రాయముగా ఎంచెను' అనిన అది నింద. విశేషణము ఒక్కటే, అది ఎవరికి చేర్చబడినదను దానిలోనే భేదమున్నది. పౌలు తనకు లాభకరములైనవాటిని నష్టముగా ఎంచుకొనెను (ఫిలిప్పీయులకు 3:7). సహోదరుని మాత్రము, క్రీస్తు ఎవనికొరకు చనిపోయెనో అట్టివానిగా ఎంచెను (రోమీయులకు 14:15). విశ్వాసి ఈ మాటను తన ఘనతకు, తన లాభమునకు వాడుకొనవచ్చును; పొరుగువానికి వాడరాదు.