బేళ్లు విప్పే చోట నిలబడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాగితం మిల్లు కంట్రోల్ రూంలో కూర్చోబెట్టారని సంతోషంగా రాశావు. మంచిదే. కానీ కొన్నాళ్లు పాత కాగితం బేళ్లు విప్పే యార్డులో కూడా నిలబడమ్మా. మీ కాగితం బాగోగులు సగం అక్కడే తేలిపోతాయి.

పాత కాగితంలో ఉన్నది ఒకసారి ఎండిన పీచు. కర్ర గుజ్జు మొదటిసారి డ్రయ్యర్ల మీద ఆరినప్పుడే పీచు గోడల్లోని సన్నటి రంధ్రాలు చాలావరకు మూసుకుపోతాయి. మళ్లీ ఎంత నానబెట్టినా మునుపటంత ఉబ్బదు, పక్క పీచుతో గట్టిగా అతుక్కోదు. పీచును నలిపే రిఫైనర్ బిగిస్తే బలం వస్తుందనిపిస్తుంది. అతిగా బిగించావా, పీచు తెగి నలుసవుతుంది, జల్లెడలాంటి వైరు మీద నీరు దిగదు, మెషీను వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. తేలిగ్గా రిఫైన్ చేసి, స్టార్చి వేసి, అవసరమైతే కొంత కొత్త గుజ్జు కలపడమే మేలు.

అచ్చయిన కాగితంలోని సిరాను కడిగి మళ్లీ కాగితం చేయవచ్చని 1774లోనే జర్మనీలోని గోటింగెన్‌లో యూస్టస్ క్లాప్రోట్ అనే న్యాయశాస్త్ర పండితుడు చేసి చూపాడు. ఇప్పుడు ఫ్లొటేషన్ సెల్లులో సబ్బు వేసి గాలి పంపితే దినపత్రికల సిరా బుడగలను పట్టుకుని నురుగుతో పైకి తేలుతుంది. లేజర్ ప్రింటరు టోనరు అంత సులువుగా పోదు. అది కాగితం మీద కరిగి అంటుకున్న ప్లాస్టిక్, రేకులుగా ఊడి నల్ల చుక్కలుగా మిగులుతుంది. దినపత్రికలైనా వేసవంతా గోదాములో మగ్గితే సిరాలోని నూనె గట్టిపడి పీచును వదలదు. రోహిణీ కార్తె దాటాక తెల్లదనం తగ్గిందంటే రసాయనాలు పెంచే ముందు బేళ్ల వయసు అడుగు. ముందొచ్చినవి ముందు వాడాలని పట్టుబట్టు.

అన్నిటికన్నా మొండిది జిగురు. స్టిక్కర్లు, టేపులు, పుస్తకాల వీపుకు పూసేది. పల్పర్ బాగా వేడెక్కితే మెత్తబడి, స్క్రీను సందుల్లోంచి సాగి దూరిపోతుంది. తర్వాత ఫెల్టుకో డ్రయ్యరుకో అంటుకుని షీటును తెంపుతుంది. పల్పర్ కాగితాన్ని విడదీస్తే చాలు, జిగురును నలగ్గొట్టకూడదు. పెద్ద ముక్కైతే స్క్రీనుకు చిక్కుతుంది.

యార్డులో కాగితాలు ఏరే ఆడవాళ్లను అక్కా అని పిలిచి, ఏది పనికొస్తుందో ఏది రాదో అడుగు. అట్టను చింపి, అంచున ప్లాస్టిక్ పొర వేలాడుతోందా లేదా చూసి చెప్పేస్తారు. టీ కప్పులు, కొట్లో ఇచ్చే థర్మల్ బిల్లులు విడిగా తీయించు. వాళ్లకు గ్లవ్స్, మాస్కులు అందుతున్నాయో లేదో చూసి, లేకపోతే ముందు ఆ సంగతి మీ మేనేజరుతో మాట్లాడు.

ఇట్లు,
మామయ్య