కొలతలు చాప మీద కూర్చుని తీసుకో

చిరంజీవి మేనల్లుడికి,

కొత్త చర్చి పని మొత్తం నీకే అప్పజెప్పారని అక్క ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన బొమ్మలు చూశాను. నీ చెక్కుడు పనికి వంక పెట్టను. కానీ అవి నిలబడి చూసేవాడు గీసిన బొమ్మలురా. ఆ ఊళ్లో జనం చాపల మీద కూర్చుంటారు. ఈ ఆదివారం పూజకెళ్లి చివరి వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చో. నేల మీంచి నీ కంటి ఎత్తు రెండున్నర అడుగులుంటే ఎక్కువ. బలిపీఠం మూడడుగుల పైమాటే. మధ్యలో తలలు, పూలకుండీలు. పీఠం ఎత్తు పెంచితే ఫాదరు గారికి చేతులు ఆనవు. పెంచాల్సింది కింది గద్దెను. నేల బండలు పరవకముందే మేస్త్రీతో మాట్లాడి ఇంకో మెట్టు కట్టించు.

వెనక గోడకూ పీఠానికీ మధ్య అడుగున్నర వదిలావు, చాలదు. రెండో వాటికన్ మహాసభ తర్వాత బలిపీఠం గోడను వదిలి ముందుకొచ్చింది. చుట్టూ సులువుగా తిరగ్గలిగేలా ఉండాలన్నది నియమం. ధూపం వేస్తూ ఫాదరు గారు దాని చుట్టూ తిరగాలి కదా, నిలువుటంగీ గోడకు రాసుకోకూడదు.

పైపలక రాయే పెట్టు. చీమకుర్తి నల్లరాయి దగ్గర్లో ఉండగా ఇటాలియన్ మార్బుల్ మోజు ఎందుకు? ఆరడుగులు పొడవు, రెండున్నర వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పలక రెండు వందల కిలోల పైమాటే తూగుతుంది. పడుకోబెట్టి మోయనివ్వకు, మధ్యలో విరుగుతుంది. అంచు మీద నిలబెట్టే మోయించు. పూజప్పుడు దాని మీద ఎలాగూ తెల్లగుడ్డ పరుస్తారు, పైన డబ్బు పోయకు. చాప మీదివాళ్లకు కనిపించేది ముందు భాగమే. అక్కడ కడరా భోజనం మొత్తం ఇరికించావు, వెనక వరసకు అన్నీ చింతగింజల్లా కనిపిస్తాయి. ఒక్క గొర్రెపిల్లను పెద్దగా చెక్కు.

దాతల పేర్లు పీఠం మీద చెక్కమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నువ్వు తగాదా పెట్టుకోకు, ఫాదరు గారి దగ్గరకు పంపు. ద్వారం పక్క గోడ ఉండనే ఉంది.

వాక్యపీఠం కదలకుండా నేలకు బిగించు. దాని ముందు ఉపదేశి నిలబడతాడు, పదో తరగతి పిల్లా నిలబడుతుంది. ఇద్దరికీ పనికొచ్చే ఎత్తు చూడు. పఠనాల గ్రంథం బరువైనది, జారకుండా కింద అంచుపట్టీ వెయ్యి. మైకు వైరుకు పైపు ముందే వేయించు. గురువు కుర్చీ సింహాసనంలా ఉండకూడదు, దాని మీద నువ్వు గీసిన నెమళ్లు తీసెయ్.

దివ్యసత్ప్రసాదం ఉంచే మందసానికి అద్దం తలుపు అడిగారన్నావు. కుదరదని చెప్పు. అది లోపలున్నది కనిపించకుండా, గట్టిగా, తాళంతో, కదలకుండా ఉండాలి. బోల్టులు లోపలి నుంచి బిగించు. తాళంచెవులు రెండూ ఫాదరు గారికిచ్చి రా. పక్కన ఎప్పుడూ వెలిగే దీపానికి చోటు మరవకు.

పునీతుల అవశేషాలు పెడతారో లేదో ఇప్పుడే అడుగు. పెట్టేట్టయితే గూడు పలకలో కాదు, పీఠం అడుగున రావాలి. ప్రతిష్ఠ రోజు బిషప్పు గారు పలక మీద అభిషేక తైలం పోసి పూస్తారు, ఆపైన దాని మీదే సాంబ్రాణి కాలుస్తారు. అందుకని అతుకుల్లో బంక బాగా ఆరేదాకా గడువడుగు. నిప్పుల పళ్లెం కింద పెట్టడానికి చిన్న రాతిముక్క విడిగా కోయించి సిద్ధంగా ఉంచు.

మీ మామయ్య