చిన్న విమానాలు.. ప్రమాదాలు

ముఖ్య ఘటనలు
- 1980 జూన్ 23: ఢిల్లీలో పిట్స్ ఎస్-2ఏతో విన్యాసాలు చేస్తూ సంజయ్ గాంధీ మృతి.
- 1999 జులై 16: జాన్ ఎఫ్.కెనడీ జూనియర్ నడిపిన పైపర్ సరటోగా అట్లాంటిక్‌లో కూలింది. రాత్రివేళ దిశాభ్రమతో అదుపు తప్పడమే కారణమని దర్యాప్తులో తేలింది.
- 2004 ఏప్రిల్ 17: బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన సెస్నా-180 కూలి నటి సౌందర్య దుర్మరణం.

ప్రధాన కారణాలు
- స్టాల్: గాలిని ఢీకొనే కోణం మితిమీరి రెక్కలు పైకెత్తే బలాన్ని (లిఫ్ట్) కోల్పోవడం.
- పరికరాలతో నడిపే శిక్షణ లేని పైలట్ మేఘాల్లోకి వెళ్లడం.
- ఇంధనం అయిపోవడం, కార్బురెటర్‌లో మంచు పేరుకోవడం.

గుర్తుంచుకోండి
- ప్రమాదాల దర్యాప్తు: భారత్‌లో ఏఏఐబీ, అమెరికాలో ఎన్‌టీఎస్‌బీ.
- దర్యాప్తు ప్రమాణాలు: షికాగో ఒప్పందం (1944) 13వ అనుబంధం.