క్రీస్తు బోధలు – ప్రాచీనాచారాలు

ఒక మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి. ఆ మాట వెనుకనున్న ఆచారం చెప్పే అర్థం మరొకటి. క్రీస్తు బోధలు రెండువేల ఏండ్ల క్రిందట పాలస్తీనాలో రైతులు, గొఱ్ఱెల కాపరులు, జాలరుల నడుమ వెలువడ్డాయి. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే మిషనరీలు విశాఖపట్నం చేరి వాటిని తెలుగు చేయడానికి పూనుకొన్నారు. మాటలకు మాటలు దొరికాయి. ఆచారాలకు మాత్రం అనువాదం లేదు. తెలుగు పాఠకుడు తన ఇంటి మర్యాదల వెలుగులోనే ఆ కథలను చదువుకొన్నాడు. ఆ వెలుగు కొన్నిచోట్ల మూలార్థాన్ని ప్రకాశింపజేసింది. కొన్నిచోట్ల దానిని మరుగుపరచింది.

సికింద్రాబాదులోని సెయింట్ మేరీస్ దేవాలయం 1850 నాటిది. 2008లో బసిలికా హోదా పొందింది. ఇటువంటి కథోలిక దేవాలయాలలో ఈస్టరుకు ముందు వచ్చే గురువారం నాడు పూజ జరిపే గురువు పన్నెండుమంది పాదాలు కడగడం ఆచారం. 2016 వరకు నియమం ప్రకారం పురుషుల పాదాలే కడిగేవారు. ఆ ఏడాది పోపు ఫ్రాన్సిస్ స్త్రీలకు కూడ ఆ స్థానం కల్పించాడు. దీనికి మూలం యోహాను సువార్త పదమూడవ అధ్యాయం. చివరి విందు వేళ క్రీస్తు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడుగుతాడు.

పాదప్రక్షాళనం తెలుగువారికి కొత్తది కాదు. కన్యాదాన సమయంలో వధువు తండ్రి వరుని కాళ్లు కడుగుతాడు. పోతన భాగవతంలో బలిచక్రవర్తి వామనుని పాదాలు కడిగి ఆ నీటిని శిరస్సున చల్లుకొంటాడు. ద్వారకకు వచ్చిన కుచేలుని పాదాలను శ్రీకృష్ణుడు కడుగుతాడు. చక్రవర్తి, భగవంతుడు కూడ వంగినట్టి ఘట్టాలివి. అయితే ఈ అన్నింటిలోను వచ్చినవాడు అతిథి, కడిగినవాడు గృహస్థు. పూజ్యునికి జరిగే పూజ అది. పాలస్తీనాలో పద్ధతి వేరు. దుమ్ము బాటలలో నడిచి వచ్చిన అతిథికి నీళ్లిచ్చేవారు. కాళ్లు కడిగే పని సేవకులది. అక్కడ అది పూజ కాదు, ఊడిగం. గురువు ఆ ఊడిగానికి దిగడం చూసి పేతురు తన కాళ్లు ముట్టవద్దని అడ్డుపడ్డాడు. అతిథిపూజగా మాత్రమే చదివితే పేతురు కంగారు మనకు వింతగా తోస్తుంది. గురువు పాదాలకు మ్రొక్కే దేశంలో ఆ గురువే శిష్యుని పాదాల వద్ద కూర్చొన్నాడని ఊహిస్తే ఆ కంగారు చప్పున అర్థమవుతుంది.

వ్యాఖ్యానమే అక్కరలేని కథ ఒకటున్నది. మిట్టమధ్యాహ్నం బావి గట్టుమీద కూర్చొన్న క్రీస్తు, నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీని దాహమడుగుతాడు. యూదుడు సమరయ స్త్రీని నీళ్లడగడమేమిటని ఆమె ఆశ్చర్యపోతుంది. ఇరుజాతులకు పొత్తు లేదని సువార్తికుడు అక్కడ ఆగి వివరిస్తాడు. ఆ వివరణ దూరదేశాల పాఠకులకు అవసరం. బావి ఎవరిది, చేద ఎవరు ముట్టవచ్చు, దోసిట్లో నీళ్లు ఎవరికి ఎంత ఎత్తునుండి పోయాలి అన్న లెక్కలతో బ్రతికిన తెలుగు పల్లెకు ఆ వివరణతో పనిలేదు. 1927లో అంబేడ్కర్ మహద్ చెరువు నీటిని దోసిట పట్టి త్రాగింది ఈ లెక్కను చెరపడానికే. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసిన తరువాత కూడ పల్లె హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం సాగింది. ‘గబ్బిలం’ రచించిన గుఱ్ఱం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ను కూడ కావ్యంగా మలచడంలో ఆశ్చర్యం లేదు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక వివరం గమనించదగింది: కథలో నీళ్లడిగినవాడు పైకులంగా చెలామణి అయ్యే జాతివాడు. ఇచ్చే చేయి ఆమెది, పాత్ర ఆమెది. ఎంగిలి, మైల అనే మాటల బరువు తెలిసినవారికే ఈ తారుమారులోని సాహసం పూర్తిగా తెలుస్తుంది.

మన ఆచారం అర్థాన్ని కప్పివేసిన సందర్భం తప్పిపోయిన కుమారుని కథ. చిన్నకొడుకు తండ్రి బ్రతికుండగానే తన పాలు పంచి ఇమ్మంటాడు. తెలుగు పాఠకునికి ఇందులో పెద్ద తప్పు కనబడదు. పితృార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కున్నదని మితాక్షర న్యాయం చెబుతుంది. ఆ శాస్త్రాన్ని పదమూడవ శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెనిగించాడు. పాళ్లు పంచుకొని వేరుపడడం మన ఊళ్లలో నిత్యం జరిగేదే. యూదుల మర్యాద అది కాదు. ప్రాణముండగా ఆస్తిని ఎవరి చేతికీ ఇవ్వవద్దని, పంపకం మరణకాలంలో చేయుమని వారి సీరా గ్రంథం గృహస్థును హెచ్చరిస్తుంది. ఆ సమాజంలో కొడుకు అడిగింది హక్కు కాదు. తండ్రి చావుకోసం ఆగలేనన్న మాట. ఈ అవమానం తెలియకపోతే తండ్రి క్షమకు ఉన్న లోతు సగం తగ్గిపోతుంది.

కొడుకు ఆస్తి తగలేసి, యూదులు అశుచిగా తలచే పందులను మేపి, చివరకు కూలివాడిగానైనా ఉంచుమని వేడుకొనే తలంపుతో తిరిగి వస్తాడు. తండ్రి దూరాన్నే చూసి, పెద్దరికం మరచి పరుగెత్తుకొని పోతాడు. వస్త్రం, ఉంగరం, చెప్పులు తెప్పిస్తాడు. వస్త్రాన్ని గురించి, ఉంగరాన్ని గురించి బోధకులు విస్తారంగానే చెబుతారు. చెప్పులను మాత్రం తేలికగా దాటిపోతారు. ఆనాడు దాసుల కాళ్లకు చెప్పులుండేవి కావు. చెప్పులు తొడిగించడమంటే కూలివాడు కాదు, కొడుకే అని పదిమందిలో ప్రకటించడం.

1878 జూలై 3న ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తోలు ఊనడం, చెప్పులు కుట్టడం వారి కులవృత్తి. పెద్ద కులాల ఇండ్ల ముందు నడిచేటప్పుడు దళితులు చెప్పులు విడిచి చేత పట్టుకోవలసిన కాలమది. ఊరందరి కాళ్లకు చెప్పులు కుట్టిపెట్టి, తాము మాత్రం ఆ ఊరి వీధిలో ఉత్తకాళ్లతో నడిచినవారికి, ఈ కథలో తండ్రి తెప్పించిన జోడు తేలికగా దాటిపోయే వస్తువు కాదు.