28 అడ్డంకులు, 7 నీటిగుంటలు

చిరంజీవి బాబుకు, బంటుమిల్లి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరగానే పిల్లల చేత స్టీపుల్‌ఛేజ్ పరిగెత్తించాలని ఆశపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అది నేర్పే గురువు ఎలాంటివాడై ఉండాలని కూడా అడిగావట. చాలా మంచి ప్రశ్న. ఈ ఆటలో పరిగెత్తినవాళ్ల పేర్లే పేపర్లో వస్తాయి, వెనక నిలబడ్డవాళ్ల సంగతి ఎవరూ అడగరు.

ముందు ఆట ఎంత కఠినమో తెలియాలి. దూరం 3,000 మీటర్లు. దారిలో 28 సార్లు అడ్డుకర్రలు, అవి కాక 7 సార్లు నీటిగుంట. కర్ర ఎత్తు మగవాళ్లకు 91.4 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 76.2. మామూలు హర్డిల్‌కు కాలు తగిలితే హర్డిల్ పడుతుంది. ఇది 80 నుంచి 100 కిలోల బరువుండే దిమ్మ, కదలదు. పడేది మనిషే. 7 నిమిషాల 52.11 సెకన్ల ప్రపంచ రికార్డు ఉన్న ఇథియోపియా వీరుడు లమేచా గిర్మా 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో ఆఖరి రౌండులో కాలు తగిలి పడ్డాడు. స్పృహ తప్పితే స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. మన దేశపు అవినాష్ సాబ్లే 2025 జూలైలో మొనాకోలో నీటిగుంట దగ్గర పడ్డాడు, మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ దాకా వెళ్లింది.

మొదటి రౌండులో అందరూ అందంగానే దాటుతారు. ఒంట్లో సత్తువ అయిపోయాక ఎలా దాటుతారన్నదే అసలు సంగతి. తెల్లవారుజామున తాజాగా ఉన్న పిల్లల చేత పదిసార్లు దూకించి చప్పట్లు కొట్టే కోచ్ సగం పనే చేస్తున్నాడు. తెలిసినవాడు ముందు పరిగెత్తిస్తాడు, ఊపిరి ఎగబీలుస్తున్నప్పుడు కర్ర దగ్గరికి పంపి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. అలసిన పిల్లవాడికి కర్ర ముందు మూడడుగులు చిన్నవైపోతాయి. చూపు కర్రకేసి వాలుతుంది, చేతులు రెండూ పైకి లేస్తాయి. ఎప్పుడూ ఒకే కాలు ముందుకు వేయడం అలవాటైనవాడు ఆ కాలు కోసం తడబడతాడు. అందుకే రెండు కాళ్లతోనూ దాటడం చిన్నప్పుడే నేర్పాలి. నీటిగుంట దగ్గర సంగతి వేరు. అక్కడ చాలామంది గుంట ముందున్న కర్ర మీద పాదం మోపి, మోకాలు వంచి, ఒంటిని పైకి లేపకుండా ముందుకు తోస్తారు. ఒక కాలు లోతు తక్కువున్న చోట నీళ్లలో పడాలి, రెండోది ఒడ్డున పడాలి. అయితే అందరినీ ఒకే మూసలో పోయకూడదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కెన్యా అబ్బాయి ఆమోస్ బివోట్ తన సొంత తీరులో నీటిగుంటను పాదం తడవకుండా దాటి స్వర్ణం పట్టుకెళ్లాడు.

సాబ్లే కథ కోచ్‌లందరూ చదవాల్సింది. మహారాష్ట్ర బీడ్ జిల్లా మాండ్వా రైతుబిడ్డ. సైన్యంలో చేరి సియాచిన్ మంచులోనూ రాజస్థాన్ ఎండలోనూ పనిచేశాక క్రాస్‌కంట్రీకి వచ్చాడు. అతన్ని స్టీపుల్‌ఛేజ్‌కు మళ్లించింది ఆర్మీ కోచ్ అమరీశ్ కుమార్. మధ్యలో జాతీయ శిబిరంలో బెలారస్ కోచ్ నికొలాయ్ స్నెసరెవ్ దగ్గర చేరితే ఆ పద్ధతి సాబ్లేకు పడలేదు. మళ్లీ అమరీశ్ దగ్గరికే వచ్చాడు, ఆయనా చేర్చుకున్నాడు. 2018లో భువనేశ్వర్‌లో 8 నిమిషాల 29.80 సెకన్లు పరిగెత్తి, 1981 నుంచి గోపాల్ సైనీ పేరు మీదున్న రికార్డును బద్దలు కొట్టాడు. అలాగని స్నెసరెవ్ తక్కువవాడు కాదు. సుధా సింగ్, రియో ఒలింపిక్స్ ఫైనల్లో పదో స్థానం తెచ్చుకున్న లలితా బాబర్ ఆయన చేతికింద తయారైనవాళ్లే. ఒకరికి అచ్చొచ్చిన కష్టం ఇంకొకరి ఒంటికి సరిపడకపోవచ్చు. తర్వాత అమెరికాలో స్కాట్ సిమన్స్ దగ్గర సాధన చేసిన సాబ్లే 2022 కామన్వెల్త్ క్రీడల్లో సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో స్వర్ణం పోగొట్టుకున్నాడు, మరుసటేడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో గెలుచుకున్నాడు. ఈ ముగ్గురిలో పెద్దపీట ఎవరికంటే అమరీశ్‌కే. దారి చూపించాడు, వెళ్తే వెళ్లనిచ్చాడు, వస్తే తలుపు తీశాడు.

మన తెలుగు నేల మీద దీనికి దగ్గరి కథ విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీది. ఆమెది 100 మీటర్ల హర్డిల్స్. పోర్టు హైస్కూల్లో ఆమె పొడుగు చూసి ఆటలోకి తెచ్చింది స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడే. తర్వాత హైదరాబాద్‌లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న నాగపురి రమేశ్, ఆపైన భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ ఆమెకు కోచ్‌లు. 2020లో మూడబిద్రిలో ఆమె 13.03 సెకన్లలో పరిగెత్తితే, డోప్ పరీక్ష జరగలేదని రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. 2022లో 13.09 వచ్చింది. ఆరోజు వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లు, హద్దు 2.0. అదీ పోయింది. ఆ ఏడాది మేలోనే సైప్రస్‌లో 13.23తో, అన్నీ సరిగ్గా ఉండగా, అనురాధా బిశ్వాల్ రెండు దశాబ్దాల రికార్డు చెరిగింది. ఏ పోటీలో ఏ పరీక్ష ఉండాలి, ఏ కాగితం మీద ఎవరి సంతకం పడాలి అన్నది పిల్లలు చూసుకోలేరు. అదీ కోచ్ పనే. పరిగెత్తినదంతా లెక్కలోంచి జారిపోయిన రాత్రి పిల్ల పక్కన కూర్చోవాల్సిందీ ఆయనే.

“నేనెప్పుడూ స్టీపుల్‌ఛేజ్ పరిగెత్తలేదు కదా” అని వెనకాడుతున్నావని కూడా విన్నాను. ఐర్లండ్ నుంచి బ్రదర్ కోల్మ్ ఒకానల్ 1976లో కెన్యాలోని ఇటెన్ ఊరి బడికి భూగోళం చెప్పడానికి వచ్చాడు. పరుగు గురించి ఆయనకు ఏ చదువూ లేదు. పిల్లలు పరిగెత్తుతుంటే చూస్తూ నేర్చుకున్నాడు. ఆయన శిష్యుల్లో 1988లో 1500 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం గెలిచిన పీటర్ రోనో ఉన్నాడు, 800 మీటర్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పిన డేవిడ్ రుడీషా ఉన్నాడు.

మన దగ్గర జాగ్రత్తలు కొన్ని వేరు. వరి కోతలయ్యాక చేలు ఖాళీగా కనిపిస్తాయి గానీ అక్కడ పరిగెత్తించకు. నల్లరేగడి బీటల్లో మడమ దిగితే చీలమండ మెలిపడుతుంది, వరి కొయ్యలు అరికాలు చీరేస్తాయి. మినుము చల్లిన చేనైతే రైతు ఊరుకోడు కూడా. స్కూలు గ్రౌండు చాలు. రెండు గుంజలు పాతి, మోకాలెత్తులో వెదురు బొంగు తేలిగ్గా ఆనించు, కాలు తగిలితే ఊడిపోవాలి. గట్టి కర్ర పెట్టే తొందర వద్దు. నీళ్ల దూకుడికి తడిపిన ఇసుక గుంట సరిపోతుంది, పిల్లల్ని కాలవలో మాత్రం దింపకు. ప్రతి పిల్లకూ ఒక పేజీ పెట్టి, ఏ కాలు ముందు వేసింది, ఎన్నో రౌండులో అడుగులు తప్పాయి, రాత్రి అన్నం సరిగ్గా తిన్నదా లేదా రాసి ఉంచు. మచిలీపట్నంలో జిల్లా పోటీలు పెట్టినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లు. నీకంటే బాగా నేర్పగలవాడు అక్కడ కనిపిస్తే, పిల్లతో పాటు పుస్తకమూ ఆయన చేతిలో పెట్టు.

ఇట్లు,
పెదనాన్న