పేరుకెంత? బండికెంత?

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

కార్ల మీద వ్యాసం వ్రాయటానికి ఇతనికున్న అర్హత ఏమిటని పాఠకమిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఇంట్లో కారు లేదు. ఉన్నవి ఒక ట్రాక్టరు, ఒక మోటారు సైకిలు, రెండు గేదెలు. ఐనా ఈ విషయం నా నెత్తిన పడింది. ఎలా పడిందో ముందు మనవి చేసుకుంటాను.

బైపాసు రోడ్డు క్రింద మా చిన్నాన్న పొలం ఎకరం ముప్ఫై సెంట్లు పోయింది. నష్టపరిహారం వచ్చింది. అప్పులు తీర్చగా మిగిలినదాంట్లో ఒక కారు కొనుక్కోవాలని ఆయన కోరిక. కిందటి యేడాది కాదు, అంతకుముందు సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు. "ఒరేయ్ అబ్బాయ్, పన్నెండు లక్షలకి మామూలు కంపెనీ కొత్తబండి వస్తది. అదే డబ్బుకి ఎనిమిదేళ్ళు తిరిగిన పెద్ద కంపెనీ బండి ఒకటుంది. కొత్తలో అరవై లక్షలంట. నువ్వు సైన్సు చదువుతున్నావు గదా, అందులో పేరుకెంతో బండికెంతో లెక్కగట్టి చెప్పు."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అరవై లక్షల బండి పన్నెండుకి వస్తుంటే ఇంకా అడిగేదేముంది చిన్నాన్నా, తీసుకో" అన్నాను. తీసుకున్నాడు. ఆనాడు కట్టని లెక్క ఈనాడు కడుతున్నాను.

ముందు మనకు బాగా తెలిసిన సరుకుతో మొదలుపెడదాం. మా ఊళ్ళో కొందరు రైతులు ఫలానా కంపెనీ యూరియా ఐతేనే పైరు నల్లబడుతుందని పట్టుబట్టేవారు. ఆ బస్తా దొరక్కపోతే పక్క మండలానికి కూడా పోయేవారు. మన రసాయనశాస్త్రం ప్రకారం యూరియా అణుభారం 60. అందులో నత్రజని వాటా 28. అంటే నూటికి 46 పైచిల్లర. ఏ కంపెనీ బస్తా విప్పినా అంతే. 2022లో కేంద్ర ప్రభుత్వం అన్ని కంపెనీల యూరియానూ "భారత్ యూరియా" అనే ఒకే పేరు క్రిందికి తెచ్చింది. పైరుకు తేడా తెలియలేదు.

మిరప విత్తనం సంగతి వేరు. పొట్లం విప్పి చూసినా లోపలి గింజ మంచిదో కాదో కంటికి తెలియదు. తెలిసేసరికి మూడు నెలలూ, పెట్టుబడీ అయిపోతాయి. అక్కడ మా నాన్న పేరున్న కంపెనీకి ఎక్కువ డబ్బు ఇస్తాడు. అది అమాయకత్వం కాదు. ఆ పేరును ఒక హామీగా కొంటున్నాడు. కావున సరుకు కొలిచి చూడగలిగిన చోట పేరుకు ధర దండగ, కొలవలేని చోట అవసరం. ఇక ప్రశ్న ఏమిటంటే, కారు యూరియా లాంటిదా, మిరప విత్తనం లాంటిదా?

దీనికి ఒక మంచి ఉదాహరణ మనకు దగ్గరలోనే, బెంగుళూరు పక్కన బిడది అనే చోట ఉంది. అక్కడ టొయోటా వారి కర్మాగారంలో క్యామ్రీ అనే కారు తయారవుతుంది. టొయోటా వారిదే లెక్సస్ అనే ఖరీదైన పేరు కూడా ఉంది. ఆ పేరుతో వచ్చిన ఈ.ఎస్. 300 హెచ్ అనే కారును కూడా 2020లో మనదేశంలోనే బిగించటం మొదలుపెట్టారు. 2018-19 నాటి తరం తీసుకుంటే రెండింటికీ అడుగు చట్రం ఒకే కుటుంబానిది. రెండింటిలోనూ 2487 సి.సి. పెట్రోలు ఇంజను, దానికి తోడు విద్యుత్ మోటారు. రెండూ కలిపి ఇచ్చే శక్తి అందులోనూ 160 కిలోవాట్లే, ఇందులోనూ 160 కిలోవాట్లే. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం ఒకదానిలో 2825 మిల్లీమీటర్లు, రెండోదానిలో 2870. ధర మాత్రం 2019 ఆరంభంలో క్యామ్రీ సుమారు 37 లక్షలు, 2020 ఆరంభంలో లెక్సస్ సుమారు 52 లక్షలు.

నలభై అయిదు మిల్లీమీటర్లకు పదిహేను లక్షలా అని హాస్యమాడటం తేలిక. నేనూ మొదట అలాగే నవ్వాను. కాని అంత తేలిగ్గా తోసిపుచ్చటం సరికాదు. ఖరీదైన కారులో మనకు కనపడని పని చాలా ఉంటుంది. అద్దం ఒకే పొర కాకుండా రెండు పొరలుగా చేసి మధ్యలో ప్లాస్టిక్ పొర పెడతారు. తలుపుల్లోనూ నేల క్రిందా శబ్దాన్ని పీల్చే పదార్థం దట్టిస్తారు. సీట్ల తోలు వేరు, కుట్టు వేరు. శబ్దాన్ని మనం డెసిబెల్లలో కొలుస్తాం గదా. అది లాగరిథం లెక్క. పది డెసిబెల్లు తగ్గితే శబ్దశక్తి పదోవంతుకు పడిపోతుంది, చెవికి మాత్రం సుమారు సగం అయినట్లు అనిపిస్తుంది. అందుచేత చివరి రెండు మూడు డెసిబెల్లు తగ్గించటానికి పడే పాట్లు ఎక్కువ, చెవికి తెలిసే సుఖం తక్కువ. ఖరీదైన కారు రహస్యమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మొదటి సగం సౌఖ్యం చవగ్గా వస్తుంది, చివరి పిసరుకే ప్రాణం పోతుంది.

పన్ను సంగతి కూడా మరువరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు, డీజిలు కార్ల మీద జి.ఎస్.టి. 40 శాతం. ఆ లెక్కన పదిహేను లక్షల తేడాలో 4 లక్షల 28 వేలు పన్నే. దానిమీద జీవితకాల పన్ను, భీమా కూడా ధరను బట్టే పెరుగుతాయి. అంటే మనం పేరుకు డబ్బు కట్టటమే కాకుండా ఆ పేరు మీద పన్ను కూడా కడుతున్నామన్నమాట!

ప్రాణరక్షణ మాటేమిటని మా హాస్టలు మిత్రుడొకడు అడిగాడు. లెక్క చూడండి. వేగం గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లు. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే బ్రేకు పడిన తర్వాత బండి 29 మీటర్లు పోయి ఆగుతుంది. అదే తడిరోడ్డు, అరిగిన టైర్లు ఐ గుణకం సగానికి పడిపోతే 58 మీటర్లు. ఈ సూత్రంలో బండి బరువు కొట్టివేయబడుతుంది. పేరు అసలు లేనే లేదు. ఐతే ఇందులో పెద్ద కంపెనీల ఋణం మనమీద ఒకటుంది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.యస్. యంత్రం 1978లో మెర్సిడెస్ వారి అతి ఖరీదైన కారులో వచ్చింది. మనదేశంలో కొత్తకార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019లో. నడుమ 41 సంవత్సరాలు. ఆనాడు దాన్ని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాడు పేరును కాదు, కాలాన్ని కొన్నాడు. ఈనాడు పన్నెండు లక్షల బండిలో కూడా అది ఉంది గనుక, ఆ ఒక్కదాని కోసం ఎక్కువ కట్టనక్కరలేదు.

పేరు ఒక్కటే అమ్మబోయి భంగపడినవారూ ఉన్నారు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1981లో తమ చవక షెవర్లే కవలియర్‌కు తోబుట్టువైన ఒక చిన్నకారును సోకు చేసి, సిమరాన్ అని పిలిచి, తమ ఘనమైన క్యాడిలాక్ పేరుతో అమ్మజూపారు. జనం పోల్చేశారు. 1988లో దాన్ని మానేయవలసి వచ్చింది, క్యాడిలాక్ పరువుకు మచ్చ మిగిలింది. ఇందుకు పూర్తిగా భిన్నమైనది లెక్సస్ పుట్టుక. 1981 నుంచి అమెరికాకు పంపే జపాను కార్ల సంఖ్యకు పరిమితి ఏర్పడింది. ఇన్ని బండ్లే పంపాలన్నప్పుడు ఒక్కొక్క బండి మీద ఎక్కువ లాభం వచ్చేవి పంపటమే తెలివి. 1986లో హోండా వారు అక్యూరా పేరు పెట్టారు. 1989లో టొయోటా వారు లెక్సస్, నిస్సాన్ వారు ఇన్ఫినిటీ పేర్లతో వచ్చారు. లెక్సస్ మొదటి పెద్దకారు అమ్మకానికి వచ్చిన కొద్ది నెలలకే, అదే 1989 డిసెంబరులో, చిన్న లోపాలు బయటపడ్డాయి. కంపెనీ వారు సుమారు ఎనిమిది వేల కార్లను వెనక్కి పిలిపించి బాగుచేశారు. కొనుగోలుదార్ల ఇళ్ళకే వచ్చి బండ్లు తీసుకుపోయి, బాగుచేసి, కడిగి, నూనె నింపి మళ్ళీ ఇంటికి చేర్చారు. ఆ పేరు నిలబడింది ఆ మర్యాద వల్లనే. ఇది మిరప విత్తనం కోవలోకి వస్తుంది. పేరు వెనుక మాట నిలబెట్టుకునేవాడున్నాడు.

కాని గమనించవలసినది ఏమిటంటే ఆ మర్యాద మొదటి యజమానికి. మూడో చేతికి వచ్చిన మా చిన్నాన్నకు కాదు.

కొన్న పదకొండో నెలలో ఒకరోజు తెల్లవారి లేచి చూస్తే చావట్లో బండి ముందు ఎడమపక్క కూలబడి ఉంది, పనుకోబోతున్న గేదె మోకాళ్ళు వంచినట్లు. దానికి ఇనుప స్ప్రింగులు ఉండవు. గాలి నింపిన రబ్బరు తిత్తుల మీద నడుస్తుంది. గుంతల్లో ఊయలలాగా ఉంటుంది, నిజమే. కాని రబ్బరుకు వయస్సుంది. ఎండకూ దుమ్ముకూ పగుళ్ళు తీస్తుంది. తిత్తి కారిపోతే గాలి కొట్టే కంప్రెసరు ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. రెండూ పోయాయి. షోరూము వారు రెండు లక్షల అరవై వేలు అన్నారు. అరవై లక్షల బండి పన్నెండు లక్షలకు దిగింది గాని దాని రబ్బరు తిత్తి ధర దిగలేదు. నేను మరచిన లెక్క ఇదే. బండి ఖరీదు ఏటేటా తరుగుతుంది, విడిభాగాల ఖరీదు మాత్రం అరవై లక్షల బండి దగ్గరే నిలబడి ఉంటుంది. చివరికి బెజవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ వేరే కంపెనీ తిత్తులు తెప్పించి సగానికన్నా తక్కువలో నిలబెట్టాడు. అదీ మినుములు అమ్మిన డబ్బుతో.

నాకు ముఖం చెల్లలేదు. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపించాను. సగం కనపడని పనికి, పావు పన్నుకు, మిగతాది పేరుకు అని పంచాను. చిన్నాన్న ఓపిగ్గా విని, "నువ్వు చెప్పావని కొనలేదులేరా, మనసుపడి కొన్నాను" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అన్నాడు. "చెల్లాయి సంబంధం మాట్లాడటానికి దాంట్లో వెళ్ళాం. అదివరకు రెండు చోట్ల మోటారు సైకిలు మీద వెళితే వసారాలోనే కూర్చోబెట్టి పంపారు. ఈసారి పెళ్ళికొడుకు తండ్రి గేటు దాకా ఎదురొచ్చాడు. దాని ఖరీదు నీ కాగితంలో ఎక్కడేశావు?"

నలుగురి కంటికోసం చేసే ఖర్చు గురించి వెబ్లెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1899లోనే పుస్తకం వ్రాశాడని మా అర్థశాస్త్రం మిత్రులు చెబుతారు. ఆ సంగతి చిన్నాన్నతో అనబోయి మానుకున్నాను. గేటు దాకా వచ్చినవాడిది తప్పా, వెళ్ళినవాడిది తప్పా అనేది బి.యస్సీ. పాఠ్యప్రణాళికలో లేదు. సంబంధం ఐతే కుదిరింది.

ఇప్పుడాయన అడుగుతున్నది, బండి అమ్మెయ్యమంటావా అని. ఏడు లక్షలకన్నా ఎవరూ పైకి రావటం లేదు. ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. గేరుబాక్సు ఆయిలు, కుడిపక్క తిత్తి, టైర్లు, వీటి వయస్సూ ధరా కనుక్కుని వ్రాసి పంపమని ఆటోనగర్ మేస్త్రీకి చెప్పి వచ్చాను.