పోటీ పరీక్షల ప్రత్యేకం: కార్చిచ్చు - సామాజిక అసమానతలు

విపత్తు అందరికీ ఒకటే అయినా నష్టం ఒకటి కాదు. ఇందుకు ఒక ఉదాహరణ అమెరికాలోని ఆల్టడీనా.

• ఎక్కడ: కాలిఫోర్నియా రాష్ట్రం, లాస్ ఏంజెలెస్ కౌంటీ, శాన్ గాబ్రియెల్ పర్వతాల దిగువన.

• ఎప్పుడు: 2025 జనవరి 7 సాయంత్రం ఈటన్ కార్చిచ్చు మొదలైంది. పెనుగాలులు దాన్ని ఊరిపైకి తరిమాయి.

• నష్టం: 19 మంది మృతి. 9,400కు పైగా కట్టడాలు దగ్ధం.

• నేపథ్యం: నల్లజాతీయులున్న పేటలకు గృహరుణాలు నిరాకరించే పద్ధతిని 'రెడ్‌లైనింగ్' అంటారు. దాన్ని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించింది. ఇలాంటి వివక్ష వల్ల ఆల్టడీనాలో నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా లేక్ అవెన్యూ అనే రోడ్డుకు పడమటి వైపు స్థిరపడ్డాయి.

• అసమానత: తూర్పు వైపు వారికి ఖాళీ చేయాలన్న ఆదేశాలు ఆ సాయంత్రమే అందాయి. పడమటి వైపు వారికి తెల్లవారుజామున 3 గంటలు దాటాకే వచ్చాయి. మృతుల్లో దాదాపు అందరూ పడమటి వైపు వారే. వారిలో వృద్ధులు, వికలాంగులు ఎక్కువ.

• పునర్నిర్మాణం: చాలినంత బీమా లేనివారికి, అద్దెదారులకు తిరిగి నిలదొక్కుకోవడం కష్టం.

• గుర్తుంచుకోండి: విపత్తు ముప్పు తగ్గింపుపై సెండాయ్ ఒప్పందం (జపాన్) కాలం 2015-2030.

మాదిరి ప్రశ్న: ఈటన్ కార్చిచ్చు ఏ రాష్ట్రంలో చెలరేగింది?
ఎ) టెక్సాస్ బి) హవాయి సి) కాలిఫోర్నియా డి) ఓరెగాన్
జవాబు: సి